దయ్యపు కథలు వ్రాయదగునా?

గత మాసమున మా పాఠశాలలో పదవ తరగతి చదువుచున్న బాలిక యొకతె సాయంకాలము మా బల్లయొద్దకు వచ్చి, చేతిలోని నోటుపుస్తకమును వెనుకకు దాచుకొని, "మాస్టరుగారూ, లేనిదాన్ని ఉన్నట్టు రాస్తే అబద్ధమాడినట్టేనాండీ?" అని యడిగెను. ఏమి వ్రాసితివని మే మడుగగా, నీట మునిగిన యూరొకటి వేసవిలో పైకి తేలునట్లును, ఆ యూరి పిల్లలు ఒడ్డున నిలిచిన యీ కాలపు పిల్లలతో మాటలాడునట్లును కథ వ్రాయుచుంటినని చెప్పెను. ఆమె అమ్మమ్మగారి యూరు 1981 ప్రాంతమున శ్రీశైలము జలాశయము క్రింద మునిగినది. ఏటేట నీరు తగ్గినప్పుడు సంగమేశ్వరుని గుడి బయలుపడుట ఆమె కన్నులార చూచినదే. గుడి పైకి వచ్చినప్పుడు ఊరేల రాకూడదని ఆమెకు తోచినది. అయితే కూతురి పుస్తకమును చూచిన తండ్రి, "సైన్సు చదివే పిల్లవు, నీకీ దయ్యాల పిచ్చి ఏమిటి?" అని కోపించెనట. ఆ తండ్రి మాకు మిత్రుడు. తాయెతును గాని, దిష్టి బొమ్మను గాని తన యింటి గడప దాటనీయని సంస్కారి. కావున బాలిక ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పుట మాకు సులభము కాలేదు. వేరొక కారణము చేతను సులభము కాలేదు. దానిని ముందు చెప్పెదము.

ఇది మా బాలిక యొక్కతె ప్రశ్న కాదు. పండ్రెండేండ్లు దాటి పదునెనిమిది నిండని వారికై వ్రాయు పుస్తకములకు ఆంగ్లదేశములలో 'యంగ్ అడల్ట్' అని వేరుగా పేరు పెట్టి, పుస్తకశాలలలో వేరుగా నొక యలమార కేటాయించియున్నారు. అమెరికాలో 1967లో వెలువడిన 'ది అవుట్‌సైడర్స్' అను నవల యీ శాఖకు దారితీసిన వానిలో నొకటి. దానిని రచించిన హింటన్ అను నామె అప్పటికి పదునెనిమిదేండ్ల బాలిక. ఆ నవలలో మాయలు మంత్రములు లేవు. కాని కాలక్రమమున ఆ యలమారలో మాంత్రికుల పాఠశాలలును, రక్తపిశాచములును, తోడేలుగా మారు మనుష్యులును చేరిరి. మన పట్టణముల పిల్లలు వానిని చదువుచున్నారు. చదువుటయే గాక తామును వ్రాయబూనుచున్నారు. కొందరు ఆంగ్లమున వ్రాయుచున్నారు. కొందరు మా బాలికవలె తెలుగున వ్రాయుచున్నారు. వీరికి పెద్దలమైన మనము ఏమి చెప్పవలెను? దయ్యములు లేవని నమ్మినవారు దయ్యపు కథలను వ్రాయవచ్చునా? వ్రాయువారిని ప్రోత్సహింపవచ్చునా?

వలదను పక్షమున చెప్పదగిన దానిని మేము తేలికచేసి చెప్పము. మన దేశమున దయ్యము కథలోనే లేదు, పోలీసు ఠాణాలోను ఉన్నది. తెలంగాణపు పల్లెలలో బాణామతి యనియు, కోస్తా ప్రాంతమున చిల్లంగి యనియు పేరు పెట్టి, దిక్కులేని ముసలివారిని, వితంతువులను కట్టి కొట్టిరి, పండ్లూడబెరికిరి, ప్రాణములు తీసిరి. ఇవి తాతలనాటి ముచ్చటలు కావు. మన కాలపు వార్తాపత్రికలలో మనము చదివినవే. ఇట్టి మోసములకు శిక్ష విధించు చట్టము కావలెనని ఏండ్ల తరబడి పోరాడిన నరేంద్ర దాభోల్కరు 2013 ఆగస్టులో పుణే నగరమున తుపాకి గుండ్లకు బలియైన తరువాతనే మహారాష్ట్రమున ఆ చట్టము వచ్చినది. ఇంత మూల్యము చెల్లించి ఇంటినుండి వెడలగొట్టిన దయ్యమును, సాహిత్యమను పేరుతో పిల్లల పడకగదిలోనికి మరల పిలుచుట యేమి వివేకము? ఈ ప్రశ్న న్యాయమైనది. దీనికి జవాబు చెప్పలేనివాడు దయ్యపు కథను సమర్థింపరాదు.

ఈ వాదమునే మేము ఆరేండ్ల క్రిందట సంపూర్ణముగ నమ్మియుంటిమి. అప్పుడు తొమ్మిదవ తరగతి బాలిక యొకతె తాను వ్రాసిన కథను మాకు చూపినది. రెండు పుటలు చదివితిమి. చీకటిగది, తలుపు కిర్రుమనుట, అందెల చప్పుడు, తెల్లచీర. సినిమాలలో నెన్నిమారులో చూచిన సామగ్రియే. పుస్తకమును మూసి, "ఇంత చదివి ఇదా నువ్వు నేర్చుకున్నది?" అని యిచ్చివేసితిమి. ఆమె మారుమాటాడక తీసికొనిపోయెను. మేము ఆనాడు హేతువాదమునకు సేవచేసితిమనుకొంటిమి. ఆ పుస్తకమున మూడవ పుటనుండి యేమున్నదో తరువాత తెలిసినది. అది ఈ వ్యాసము చివర చెప్పెదము. ముందు వాదమును విచారింతము.

అబద్ధమనగా నేమి? లేనిదానిని చెప్పుటయే అబద్ధమైనచో వ్యాకరణమున ఉదాహరణలు చెప్పు మేమును, "రాముడు బడికి వెళ్ళెను" అని ప్రతిదినము అబద్ధములాడుచున్నట్లే. అబద్ధమునకు ప్రాణము లేనిదానిని చెప్పుటలో లేదు. నమ్ముమని కోరుటలో నున్నది. భూతవైద్యుడు నిమ్మకాయ కోసి, "నీ కోడలికి గాలి సోకినది, వేయి రూపాయలు తెమ్ము" అని చెప్పునప్పుడు వాడు నమ్ముమని కోరుచున్నాడు. వాని మాట నమ్మినవారి సొమ్ము పోవును, ఒక్కొక్కప్పుడు కోడలి ప్రాణమును పోవును. "అనగా అనగా ఒక ఊరిలో" అని మొదలుపెట్టు అవ్వ నమ్ముమని కోరదు. ఆ రెండు మాటలతోనే ఆమె వినువానితో నొక యొప్పందము చేసికొనుచున్నది: ఇది మన యూరు కాదు, ఈ దినము కాదు, కాసేపు ఉన్నదనుకొందము, తెల్లవారినచో లేదనుకొందము. పిల్లవాడీ యొప్పందమును పెద్దలకంటె బాగుగ నెరుగును. పులిజూదము ఆడువాడు రాతిముక్కను పులియనును గాని దానిని చూచి పరుగెత్తడు.

మన భాషలో దీనికి గట్టి సాక్ష్యమున్నది. 1947 జూలైలో పుట్టిన 'చందమామ' పత్రికను 1952 మొదలు 1980లో తాను మరణించువరకు నడపినవారు కొడవటిగంటి కుటుంబరావు గారు. ఆయన హేతువాది యన్న సంగతి ఆయన వ్యాసములను చదివినవారందరు నెరుగుదురు. ఆయన చేతిమీదుగనే నెలనెలయు బేతాళ కథలు వెలువడినవి. ఆయన కాలముననే 1954లో దాసరి సుబ్రహ్మణ్యము గారి 'తోకచుక్క' మొదలుకొని మాంత్రికులతోను, మహాసర్పములతోను నిండిన ధారావాహికలు సాగినవి. ఆ పత్రికను చదివి పెరిగిన తరము శవమును చూచి బేతాళుడని భ్రమించినదా? అందు ఇంజనీర్లు, వైద్యులు, నాస్తికులు నెందరో ఉన్నారు. అంతకు పూర్వమే, మంత్రగాండ్రను బైరాగులను తన రచనలలో చీల్చి చెండాడిన కందుకూరి వీరేశలింగము పంతులుగారు, స్విఫ్టు రచించిన గలివరు యాత్రల ననుసరించి 'సత్యరాజా పూర్వదేశయాత్రలు' వ్రాసిరి. అందు ఆడుమళయాళమను దేశమున స్త్రీలు పురుషుల నేలుదురు. ఇచట స్త్రీలు పడు పాట్లన్నియు అచట పురుషులు పడుదురు. భూమిమీద లేని దేశమును సృష్టించి, భూమిమీద ఉన్న యన్యాయమును చూపుట యాయన కర్థమైన పని. సంస్కర్త కల్పనకు శత్రువు కాడు.

అయితే భయము మాట యేమి? దయ్యపు కథ భయపెట్టును గదా? దీనికి మన యాలంకారికులు వేయి యేండ్ల క్రిందటనే సమాధానము వెదకిరి. భరతుడు భయానకమును, అద్భుతమును రసములలో జేర్చెను. రసమునకును లోకమునందలి భావమునకును భేదమేమని విచారించుచు అభినవగుప్తుడు ఎత్తుకొన్న యుదాహరణము శాకుంతల ప్రథమాంకమున దుష్యంతుని బాణమునకు వెరచి పరుగెత్తు లేడి. ఆ శ్లోకమును విను సహృదయుడు, "నేను భయపడుచున్నాను" అనియు అనుకొనడు, "ఆ లేడి యెవరిదో, నాకేమి?" అనియు అనుకొనడు. భయము ఒకరి సొత్తు కాక, దేశకాలముల కట్టు విడిపోయి, ఎదుట నిలిచి చూడదగిన వస్తువగును. లోకమున భయము మనలను పట్టుకొనును. కావ్యమున మనము భయమును పట్టుకొని తిప్పి చూచెదము. ఇదియే తేడా. మంత్రగాడు కోరునది మొదటి భయము. మంచి కథకుడు ఇచ్చునది రెండవది. కావున ఒక దయ్యపు కథ మంచిదా చెడ్డదా యని తెలిసికొనుటకు మాకొక సులభమైన పరీక్ష తోచుచున్నది: చదివిన పిల్ల మరునాడు చీకటి గదిలోనికి పోవుటకు జంకుచున్నదా, లేక తన మనస్సులోని చీకటిగదిని గూర్చి మాటలాడగలుగుచున్నదా?

మనస్సులోని చీకటి యని మేమనుట అలంకారమునకు కాదు. పదుమూడేండ్లకును పదునెనిమిదేండ్లకును నడుమనున్న వయస్సును తలచుకొనుడు. దేహము తన యనుమతి లేకయే మారుచుండును. కోరికలు పెద్దవారివి, అధికారము చిన్నవారిది. ఏ కోర్సు చదువవలెనో, ఎవరితో మాటలాడవలెనో, ఒక్కొక్క యింట ఎవరిని పెండ్లాడవలెనో కూడ ఇతరులు నిర్ణయింతురు. ఈ దశలోనున్న వారికి తోడేలుగా మారు బాలుని కథ యెందుకు నచ్చునో, ఎవరికిని కనబడని బాలిక కథ యెందుకు నచ్చునో యోచించినచో ఆశ్చర్యము తీరును. సూటిగ చెప్పిన తన్నులు తినవలసిన మాటను వారు దయ్యము నోట చెప్పింతురు.

1816 వేసవిలో జెనీవా సరస్సు తీరమున జరిగినది దీనికి నిదర్శనము. అంతకు ముందటి యేట జావాకు తూర్పున తంబోరా యగ్నిపర్వతము బ్రద్దలగుటచేత ఆ సంవత్సరము ఐరోపాలో ఎండయే కాయలేదు. వానకు ఇంట చిక్కుకొన్న మిత్రులతో కవి బైరను, తలకొక దయ్యపు కథ వ్రాయుదమనెను. వారిలో పదునెనిమిదేండ్ల మేరీ ఒకతె. స్త్రీల హక్కులకై 1792లో గ్రంథము రచించిన మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్టు కుమార్తె ఆమె. ఆ తల్లి యీమెను కన్న కొలది దినములకే మరణించినది. ఈ మేరీకి 1815లో తొలిచూలు బిడ్డ పుట్టి, పేరైన పెట్టకమునుపే పోయినది. ఆ బిడ్డ చల్లబడినదే గాని చావలేదనియు, మంటయొద్ద ఒడలు రాచినంతనే బ్రదికెననియు ఆమెకు కల వచ్చినట్లు ఆమె దినచర్య పుస్తకమున నున్నది. మరుసటి యేడు ఆమె వ్రాయ మొదలిడిన కథలో ఒక విద్యార్థి మృతశరీర ఖండములకు ప్రాణము పోయును. పోసినవాడే దానిని చూచి అసహ్యించుకొని పారిపోవును. 1818లో రచయిత్రి పేరు లేకయే అచ్చైన ఆ 'ఫ్రాంకెన్‌స్టయిను' నేటికిని చదువబడుచున్నది. కన్నవాడు విడిచిన బిడ్డ యేమగును? ఈ ప్రశ్నను ఆ వయస్సు బాలిక సభలో నిలిచి అడుగలేకపోయెడిది. రాక్షసుని చేత అడిగించినది. ఆమె యెదుట నెవరైన పెద్దమనిషి కూర్చుండి, "అమ్మాయీ, నీ తల్లి యంతటి వివేకవతి, నీకీ దయ్యాల పిచ్చి యేమి?" అనియుండినచో లోకమున కేమి పోయియుండెడిదో చదువరులు తలచుకొందురు గాక.

ఇంతమాత్రమున దయ్యపు కథలన్నియు మంచివని మేమనుట లేదు. వ్రాయవచ్చునని చెప్పిన వెంటనే, ఎట్లు వ్రాయవలెనన్న ధర్మము వచ్చిపడును. క్రొత్తగా కలము పట్టిన వారు మమ్మడిగినచో చెప్పదలచినవి కొన్ని యున్నవి.

మొదటిది, ఒప్పందమును తప్పరాదు. "ఇది నిజముగ జరిగినది, మా బంధువులు కన్నులార చూచిరి" అని కథకు బలము తెచ్చుట దొంగతనము వంటిది. అట్టి కథ మరునాడే మంత్రగానికి సాక్ష్యమగును.

రెండవది, ప్రకృతి నియమమును దాటవచ్చును గాని కార్యకారణ నియమమును దాటరాదు. మంత్రము చదివినంతనే అన్ని చిక్కులును తీరిపోవు కథ పిల్లలకు లంచమిచ్చుట వంటిది. 1968లో ఉర్సులా లె గ్విన్ అను అమెరికా రచయిత్రి, ఎదుగుచున్న పిల్లలకై వ్రాయుమని ప్రకాశకుడు కోరగా, 'ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ' వ్రాసెను. అందు ప్రతి వస్తువునకు నొక నిజమైన పేరున్నది. ఆ పేరు తెలిసినవానికే దానిపై శక్తి. గర్వముచేత తన శక్తిని చూపబోయిన బాలుడు ఒక నీడను లోకములోనికి విడిచి, దానికి వెరచి దేశదేశములు పారిపోయి, తుదకు వెనుదిరిగి దానిని తరిమి పట్టుకొని పేరు పెట్టి పిలుచును. ఆ పేరు తన పేరే. ఇందు నేర్పు ఏమనగా, మాయ యెంత యున్నను, చేసినదానికి చేసినవాడే మూల్యము చెల్లించును. మా సంస్కృత విద్యలో దీనిని కర్మమందురు. పేరేదైనను పదునైదేండ్ల పిల్లకు తెలియవలసినది ఇదియే.

మూడవది మిక్కిలి ముఖ్యము. బ్రదికియున్న దుర్బలులను దయ్యముగ చిత్రింపరాదు. ఊరి చివర గుడిసెలో ఒంటరిగానున్న ముసలమ్మ, మతి చలించిన స్త్రీ, అడవిలోని గిరిజనుడు, వికలాంగుడు, వీరినే మన సినిమాలు చేతబడిచేయువారిగ నెన్నిమారులో చూపినవి. రచయిత కల్పించుచున్నాననుకొనును, పల్లెలో రాయి చేతబట్టిన మూక దానిని రుజువనుకొనును. బాణామతి పేరిట చచ్చినవారికి ఇట్టి కథకుల వాటా యెంతయో యెవరు లెక్కకట్టగలరు? దయ్యమును చూచి ఎవరు భయపడుచున్నారని గాక, ఎవరిని దయ్యమనుచున్నాము, అనుటచేత నెవరికి లాభము, అని అడుగు కథ వ్రాసినచో అదియే సంస్కరణ.

నాలుగవది, దుష్టత్వమునకు దయ్యపు ముసుగు వేసి ప్రేమ యని యమ్మరాదు. 2005లో వెలువడి లోకమంతట బాలికలు చదివిన 'ట్వైలైట్' నవలలో, నూరేండ్లకు పైబడిన రక్తపిశాచము పదునేడేండ్ల రూపమున నుండి, తాను వలచిన బాలిక నిదురించుచుండగా ఆమెకు తెలియకుండ రాత్రులు గదిలో జొరబడి చూచుచుండును. కథలో నది గాఢప్రేమ. వీధిలోని కుర్రవాడు అదే పనిచేసిన మన మేమందుము? ఆ పుస్తకమును చదువవలదని మేమనము; నిషేధించిన పుస్తకము దిండు క్రిందికి చేరును. చదివిన బిడ్డతో కూర్చుండి, "ఆ ముసుగు తీసిచూడుము, క్రింద నెవరున్నారు?" అని మాటలాడుడు. వ్రాయువారు తమ ప్రతి మాయాపాత్రకును ఈ పరీక్ష పెట్టుకొందురు గాక.

కడపటిది, ఎరువు సొమ్ము తక్కువగ వాడుడు. మా విద్యార్థులకు తోడేలుమనిషి యెప్పుడు మారునో తెలియును. కొరివిదయ్యమేమో, బ్రహ్మరాక్షసుడెవరో తెలియదు. తనకు వచ్చిన విద్యను అర్హుడైన శిష్యునకు చెప్పక చచ్చిన పండితుడు బ్రహ్మరాక్షసుడై చెట్టునంటియుండునని మన పెద్దలు చెప్పిరి. పాఠము చెప్పక కాలము గడపు మావంటి వారిమీద నింతకంటె మంచి పరిహాసము ఏ దేశపు కథలోనున్నది?

ఇక వ్రాసినదానిని తీసికొని పెద్దల యొద్దకు పోవుట యొకటి యున్నది. అదియే క్రొత్త రచయితకు నిజమైన శ్మశానయాత్ర. మన దేశపు కథలకు తల్లియైన బృహత్కథ యేమైనదో 'కథాసరిత్సాగరము' చెప్పుచున్నది. గుణాఢ్యుడు పందెమున నోడి సంస్కృతమును విడిచి, వింధ్యారణ్యమున పిశాచముల భాష నేర్చి, ఏడు లక్షల శ్లోకముల కథను సిరా లేక తన నెత్తుటితో వ్రాసి సాతవాహనునికి పంపెను. పిశాచభాష, నెత్తుటి వ్రాత యని రాజు దానిని త్రోసివేసెను. గుణాఢ్యుడు కొండమీద నిప్పు రాజబెట్టి, ఒక్కొక్క పుటను చదివి మృగములకు వినిపించుచు అగ్నికి వేసెను. మృగములు మేత మరచి కన్నీరు కార్చుచు వినెను. వంటయింటికి చిక్కిన జంతువుల మాంసము వచ్చి రాజు జబ్బుపడిన తరువాతగాని, ఆ కథ సంగతి యాయనకు తెలియలేదు. ఆయన పరుగున వచ్చునప్పటికి ఆరు లక్షలు బూడిదయైనవి. ఒక్క లక్ష మిగిలినది. ఆ మిగిలిన దానినుండియే బేతాళుడు మనకు దక్కెనని చెప్పుదురు. ఇది చరిత్ర కాదు, కథయే. కాని ప్రతి తరమునను జరుగుచున్న కథ.

దీనికి ప్రతిగా మరియొక తీరు నున్నది. టోల్కీను అను ఆక్సుఫర్డు ఆచార్యుడు వ్రాసిన 'ది హాబిట్' వ్రాతప్రతి చేతికి రాగా, ప్రకాశకుడైన అన్విను దానిని తాను తీర్పుచేయక పదేండ్ల తన కుమారునికిచ్చి చదివి అభిప్రాయము వ్రాయుమనెను. కూలి ఒక షిల్లింగు. బాలుడు బాగున్నదని వ్రాసెను. 1937లో పుస్తకము వెలువడినది. మన యిండ్లలో పిల్లలకై కొను పుస్తకమును గూర్చి పిల్లల నడుగువారెందరు? పిల్లలు వ్రాసిన పుస్తకమును తుదివరకు చదువువారెందరు?

మేము చదువలేదు. ఆరేండ్ల నాటి సంగతికి మరల వచ్చెదము. ఆ బాలిక తొమ్మిదవ తరగతి పరీక్షలు వ్రాసి వేసవి సెలవులకు పోయి, జూన్ మాసమున బడికి రాలేదు. కొంతకాలము చూచి, నియమము ప్రకారము హాజరుపట్టీలో ఆమె పేరు మేమే యెర్రసిరాతో కొట్టివేసితిమి. శీతకాలమున ఆమె స్నేహితురాలు ఆ నోటుపుస్తకమును తెచ్చి, "మీకిమ్మని చెప్పింది సార్" అని బల్లమీద నుంచిపోయెను. అప్పుడు మూడవ పుట తిప్పితిమి.

అందెల చప్పుడును తెల్లచీరయు రెండవ పుటతోనే ముగిసినవి. అటుపైన కథ ఇది. ఒక తరగతిలో ప్రతియుదయము మాస్టరు పేరులు పిలుచును. చివరి పేరు పిలిచిన తరువాత మరియొక గొంతు, "వచ్చానండీ" అని పలుకును. ఆ గొంతు తరగతిలో నొక్క బాలికకే వినబడును. ముందటి యేట పెండ్లిచేసి పంపబడిన పిల్ల గొంతు అది. ఆ పిల్ల చనిపోయినదో బ్రదికియున్నదో కథలో చెప్పలేదు. పేరు కొట్టివేయబడినది, అంతే. దినదినమును ఆ గొంతు దగ్గరగుచుండును. తుదకు విను బాలికకు దానిని తానొక్కతె యెందుకు వినుచున్నదో తెలియును: ఈసారి కొట్టివేయబోవు పేరు తనది. ఆమె లేచి మాస్టరుతో చెప్పబోవును. మాస్టరు పట్టీ మూసివేయును. కథ అంతటితో ఆగిపోయినది, ముగియలేదు.

ఆడపిల్లకు పదునెనిమిదేండ్లు నిండక పెండ్లి చేయరాదను చట్టము మాకు కంఠస్థము. బాల్యవివాహములమీద ప్రతి సంవత్సరమును వ్యాసరచన పోటీ పెట్టుచుండినవారము మేమే. ఆ పోటీకి ఆమె యిచ్చిన వ్యాసమునకు మంచి మార్కులే వేసియుంటిమి. అందు మా మాటలే మాకు తిరిగి వ్రాసియుండెను. తన మాటను మాత్రము దయ్యము చేత చెప్పించినది. దానిని మేము వినలేదు. బేతాళుడు విక్రమార్కునితో ప్రతిసారియు ఏమనును? తెలిసియు జవాబు చెప్పకున్నచో నీ తల పగులుననును. గమనించితిరా, ఆ కథలలో శవము భయపెట్టుటకు రాలేదు, న్యాయమడుగుటకు వచ్చినది. అట్లడుగు దయ్యము ఎన్ని కథలలో వచ్చినను మన సంస్కరణకు హాని లేదు. హాని యంతయు ప్రశ్నను వినక, దయ్యమును మాత్రమే చూచి పుస్తకము మూయుటలో నున్నది.

రచయితలకు కూడ ఇందొక పాఠమున్నది. క్రొత్తవారి మొదటి రెండు పుటలు సాధారణముగ ఎరువు తెచ్చుకొన్నవి. వారి దయ్యము మూడవ పుటలో వచ్చును. వ్రాసిన పిమ్మట ఆ రెండు పుటలను చించివేయగలవారు రచయితలగుదురు. అంతవరకు ఓపికతో చదువగలవారు గురువులగుదురు.

నీట మునిగిన యూరి కథ వ్రాసిన బాలికకు మేము ఆ సాయంకాలము జవాబు చెప్పలేదు. పుస్తకమిమ్మని యడిగి, ఇంటికి తీసికొనిపోయి తుదివరకు చదివితిమి. మరునాడు, "నమ్మమని అడగనంతవరకు అబద్ధం కాదమ్మా. ఆ ఊరి పిల్లలు ఒడ్డునున్న వాళ్ళను ఏమి అడుగుతారో అది ఇంకా సరిగా రాలేదు, మళ్ళీ రాయి" అని చెప్పితిమి. ఆమె తండ్రితోను మాటలాడితిమి. ఆయన కథను చదివి చాలసేపు మౌనముగ నుండి, తన యత్తగారింటి వాకిట నుండిన వేపచెట్టు మాట యామెకెవరు చెప్పిరని మాత్రమడిగెను.

మొదటి బాలిక యిప్పుడెచ్చట నున్నదో విచారించి తెలిసికొంటిమి. ఆమెకొక కూతురు. నోటుపుస్తకమును ఆమెకు తిరిగి పంపుచు, కథ ముగింపును చదువగోరుచున్నామనియు, పదవ తరగతి పరీక్షను సార్వత్రిక విద్యాపీఠము ద్వారా ఇప్పుడును వ్రాయవచ్చుననియు, దానికి కావలసిన పాఠములు మేము చెప్పెదమనియు ఉత్తరము వ్రాసితిమి. పుస్తకము చేరినట్లు తెలిసినది. జవాబింకను రాలేదు.